ఇంజనీరమ్మ అనే పిలుపు

ఆ వడగళ్ళు ఒక్క వారం ఆగి పడి ఉంటే. వారం కూడా అక్కర్లేదు, నాలుగు రోజులు చాలు. పన్నెండు మడుల్లో బంగాళాదుంపలు తవ్వి, తూచి, ఆకుమాడు తెగులు ఏ రకానికి ఎంత సోకిందో రాసుకోవడానికి నాలుగు రోజులు. ఇరవై ఏడేళ్ళుగా సెనోబియా ఆలోచన ఎక్కడ బయలుదేరినా ఆ నాలుగు రోజుల దగ్గరికే వచ్చి ఆగుతుంది, ఊరంతా తిరిగిన బస్సు చివరికి షెడ్డుకి చేరినట్టు.

చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. రాతి పలక మీద టమాటాలు, లొకోటో మిరపకాయలు వేసి, అర్ధచంద్రంలా ఉన్న బరువైన రాయిని అటూ ఇటూ ఊపుతోంది. కారం ఘాటుకి కళ్ళు చెమర్చాయి. కొచబంబా ఊళ్ళో ఏ ఇంట్లో అయినా పొద్దున్నే వినిపించే చప్పుడే అది. ఆ చప్పుడు వెనక ఎంతసేపైనా మాట్లాడకుండా ఉండవచ్చు.

"ఇంజనీరమ్మా, రొట్టెలు వేడిగా ఉన్నాయి. ఎన్నివ్వను?" వీధి గుమ్మంలోంచి ఇలారియా కేకేసింది.

"ఆరు పెట్టు."

రోజూ అంతే. రొట్టెల ఇలారియా, ఎదురింటి మంగలి, బజారులో కూరగాయలవాళ్ళు, అందరికీ ఆమె ఇంజనీరమ్మే. ఆ మాట చెవిన పడ్డ ప్రతిసారీ లోపలెక్కడో మేకు ఒకటి కదులుతుంది. నొప్పి అనడానికి లేదు. అది అక్కడుందని గుర్తుచేస్తుంది, అంతే.

భర్త ఎలోయ్ అప్పటికే ముందు గదిలోని షాపు తలుపులు తీసి, జిగురు గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చాడు. విశ్వవిద్యాలయం వెనక వీధిలో థీసిస్‌లకు గట్టి అట్టలు వేసి, వాటి మీద బంగారు అక్షరాలు అద్దడం అతని పని. ముప్ఫై ఏళ్ళుగా అతని గోళ్ళ సందుల్లో బంగారు పొడి వదల్లేదు.

వాళ్ళ కూతురు నినోస్కా తల దువ్వుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. తల్లీకూతుళ్ళు సరిగ్గా మాట్లాడుకుని రెండు వారాలైంది. నినోస్కా వ్యవసాయ ఇంజనీరింగ్ ఐదో సంవత్సరం పూర్తిచేసింది. పట్టా కోసం థీసిస్ రాయబోనంది. దానికి బదులు ఏడాదిపాటు కోరి పంపా పంచాయతీలో సాగునీటి పని చేసి, ఆ పని మీద నివేదిక రాసి, ముగ్గురు పరీక్షకుల ముందు నిలబడుతుందట. అది విన్నప్పటినుంచీ సెనోబియా ముఖం ముడుచుకునే ఉంది.

"శుక్రవారం మధ్యాహ్నంతో గడువు అయిపోతుందమ్మా," అంది నినోస్కా రొట్టె తుంచుతూ.

"నన్నెందుకు అడుగుతున్నావు? నీ ఇష్టం వచ్చినట్టేగా నడుస్తోంది. మా రోజుల్లో థీసిస్ రాసినవాళ్ళనే ఇంజనీరనేవాళ్ళు. ఇప్పుడు ఏడాదిపాటు పంచాయతీ బల్ల తుడిస్తే చాలు, పిలిచి పట్టా ఇస్తారు కాబోలు."

"బల్ల తుడవడం కాదు. నూట నలభై కుటుంబాలకి నీళ్ళ వంతులు గీయాలి. తప్పు గీస్తే పరీక్షకులు కాదు, ఊరివాళ్ళే నన్ను కాలవలో ముంచుతారు."

"పొద్దున్నే మొదలుపెట్టారా?" ఎలోయ్ కప్పులో ఊదా రంగు మొక్కజొన్న జావ పోసుకున్నాడు. "ఈ రొట్టె చల్లారేలోపు తేల్చండి. లేకపోతే దాని మీద కూడా ఎవరో ఒకరు థీసిస్ రాయాల్సి వస్తుంది."

ఎవరూ నవ్వలేదు.

"శుక్రవారం గడువు నా దరఖాస్తుకి కాదమ్మా," నినోస్కా గొంతు తగ్గింది. "పోయిన నెల లైబ్రరీకి వెళ్ళాను. నీ థీసిస్ కోసం."

రాతి పలక మీద రాయి ఆగింది.

"నా నివేదిక మొదటి పేజీలోనే నీ థీసిస్ పేరు రాద్దామనుకున్నాను. ఫలానా సెనోబియా మమానీ ఇలా కనుక్కుంది, దాని మీదుగా నేను నడుస్తున్నాను అని. ఆ లైబ్రరీ పెద్దావిడ మోకాళ్ళ నొప్పులతో నేలమాళిగలోకి కూడా దిగి వెతికింది పాపం."

"పాతవి కదా. ఎలకలు కొట్టేసి ఉంటాయి."

"రిజిస్టర్లో నీ పేరొక్కటే కొట్టేశాయా ఎలకలు?"

సెనోబియా చేతులు కడుక్కుంది. కారం వేళ్ళని పట్టుకుని వదల్లేదు. మళ్ళీ కడుక్కుంది. వీపు వెనక భర్త ఉన్నాడు. వెనక్కి తిరిగితే అతని ముఖం చూడాలి. పెళ్ళికి ముందే అతనితో అబద్ధం చెప్పింది, థీసిస్‌కి లా పాస్ నగరంలోనే అట్ట వేయించేశానని. అట్టలు వేసేవాడితో, అట్ట గురించి.

నినోస్కా సంచిలోంచి ఒక కాగితం తీసి, రొట్టెల బుట్ట పక్కన పెట్టింది. "ఆఫీసు కిటికీ దగ్గర చెప్పారు. క్లాసులన్నీ పూర్తిచేసి, పట్టా తీసుకోకుండా మిగిలిపోయిన పాత విద్యార్థుల కోసం ప్రత్యేక పద్ధతి ఒకటి ఉందట. శుక్రవారం గడువు దానికే. ఇన్నేళ్ళు చేసిన పనినే చదువు కింద లెక్కవేస్తారు. పని గురించి నివేదిక రాసి, ముగ్గురి ముందు నిలబడాలి. నీ మార్కులన్నీ అక్కడే ఉన్నాయమ్మా. నలభై ఎనిమిది సబ్జెక్టులు, ఒక్కదాంట్లో కూడా తప్పలేదు. నీ మార్కులు చూసి నాకు సిగ్గేసింది."

"నా పాత కాగితాలు తవ్వమని నిన్నెవరు అడిగారు?" సెనోబియా ఇటు తిరిగింది. "ఆ రోజు నువ్వున్నావా? ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చేసరికి గేటు ముందు మా నాన్న నిలబడి ఉన్నాడు. రంగు కాగితపు ముక్కలు నెత్తిన గుమ్మరించి, మెడ నిండా పూలదండలు వేసి, లారీ ఎక్కించాడు. ఆఖరి పరీక్ష అయిందంటే పట్టా వచ్చేసినట్టే అనుకున్నాడు మనిషి. రెండో తరగతి చదివినవాడికి థీసిస్ అంటే ఏం తెలుస్తుంది? లారీ ముందు బోర్డు మీద రాయించుకొచ్చాడు, ఇంజనీరు గారి నాన్న అని. నేనేం చెయ్యాలి? ఆ బోర్డు చెరిపెయ్యనా?"

ఆమె ఆగలేదు. ఇరవై ఏడేళ్ళు నోట్లో పెట్టుకున్నది ఒక్కసారిగా బయటికొస్తోంది.

"రెండు నెలల్లో థీసిస్ అయిపోతుంది, అప్పుడిది నిజమే అవుతుంది కదా అనుకున్నాను. ఫిబ్రవరిలో వడగళ్ళు పడ్డాయి. పన్నెండు మడుల్లో ఒక్క ఆకు మిగల్లేదు. మళ్ళీ వేశాను. ఆ ఏడు నీళ్ళు రాలేదు. ఆ తరవాత పెళ్ళి, నువ్వు. మా నాన్న పోయేదాకా పంతొమ్మిదేళ్ళు ఆ లారీ ఆ బోర్డుతోనే తిరిగింది. కొండదారిలో ఎదురైన ప్రతి లారీవాడూ హారన్ కొట్టి, ఇంజనీరు గారి నాన్నా అని పిలిచేవాడు. ఎంత పొంగిపోయేవాడో తెలుసా నీకు?"

నినోస్కా కళ్ళు దించుకుంది. "పొలాల్లో తిరిగే పని మాని మేనేజరువి కమ్మంటే రెండుసార్లు వద్దన్నావు. మా అమ్మకి పొలమే ఇష్టమని నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. పట్టా చూపించమంటారనా?"

రెండూ నిజమే. పొలం ఇష్టమన్నది నిజం, భయమన్నది నిజం. ఎక్కడ ఒకటి ముగిసి రెండోది మొదలవుతుందో సెనోబియాకే తెలీదు.

ఎలోయ్ లేచి షాపులోకి వెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది. అతను తిరిగొచ్చి చొక్కా అంచుతో దుమ్ము తుడుస్తూ ఒక అట్టని బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ గుడ్డ అట్ట. బంగారు అక్షరాల్లో సెనోబియా మమానీ కోండోరి, కింద సంవత్సరం. తెరిస్తే లోపల ఏమీ లేదు.

"వడగళ్ళకి ముందు జనవరిలో షాపుకొచ్చి నువ్వే ఎంచుకున్నావు ఈ రంగు," అన్నాడు. "బంగాళాదుంప ఆకు రంగు కావాలన్నావు. నా దగ్గర లేకపోతే ఓరూరో నుంచి గుడ్డ తెప్పించాను. అట్ట ముందే చేసి పెట్టాను, నువ్వు పేజీలు తెచ్చిన రోజు ఇంకో రెండు నిమిషాలు నిన్ను చూస్తూ కూర్చోవచ్చని. మీ ఫ్యాకల్టీ థీసిస్‌లన్నీ ఈ చేతుల మీదుగానే పోతాయి. లా పాస్‌లో అట్ట వేయించానంటే నమ్మడానికి నేనేమన్నా వెర్రివాడినా?"

"తెలిసి ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఏం చెప్పేదానివి?" ఎలోయ్ కప్పు అంచు తుడిచాడు. "రోజూ ఈ అట్టలు చూస్తాను కదా. సగానికి సగం అట్టే బాగుంటుంది, లోపల సరుకుండదు. నాకు దొరికిన మనిషికి లోపలంతా ఉంది, అట్టే లేదు. తొందరేముందిలే అనుకున్నాను."

సెనోబియా ఆ అట్ట మీద అరచెయ్యి పెట్టింది. గుడ్డ అంచు కొద్దిగా వెలిసింది. కారం తగిలిన చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని గుర్తుండి, నీళ్ళని అలాగే వదిలేసింది.

అప్పుడర్థమైంది, రెండు వారాలుగా కూతురి మీద కోపం ఎందుకో. ఇన్నేళ్ళూ తను ఒక గోడ ముందు నిలబడింది. థీసిస్ తప్ప వేరే దారి లేదనుకుంది. ఈ పిల్ల అదే గోడకి పక్కనున్న తలుపు తీసుకుని నవ్వుతూ వెళ్ళబోయింది. తలుపు ఉందని ఒప్పుకుంటే, తను అంతకాలం అక్కడ నిలబడిందెందుకో చెప్పుకోవాలి. గోడే నయమనిపించింది.

"నీది దొడ్డిదారి కాదు," అంది నినోస్కాతో. గొంతు ఇంకా గట్టిగానే ఉంది. "నీళ్ళ వంతులు గీసేటప్పుడు ఎగువ కుటుంబాల మాట ఒక్కటే వినకు. దిగువన వితంతువులుంటారు, వాళ్ళు మీటింగుల్లో మాట్లాడరు."

"అది నా నివేదికలో రాసుకోవచ్చా?"

"రాసుకో. ఎవరు చెప్పారో కూడా రాయి."

నినోస్కా మొదటిసారి నవ్వి, కాగితాన్ని తల్లి వైపు జరిపింది. "ఒక్కటే చిక్కు. నువ్వు ఎవరితో పనిచేశావో వాళ్ళు రాసిన ఉత్తరం కావాలి. సంఘం ముద్ర ఉండాలి. అందులో నిన్ను పట్టా లేని మనిషిగానే రాయాలి."

కోరి పంపా బంగాళాదుంప రైతుల సంఘం. దాని పెద్ద కసియానో. ఇరవై ఆరేళ్ళుగా సెనోబియా ఆ కొండ ఎక్కుతోంది. అంతరించిపోయాయనుకున్న పదకొండు విత్తన రకాలని ఆ ఊరివాళ్ళతో కలిసి మళ్ళీ మొలకెత్తించింది. అలమరలో నలభై ఒక్క నోటుపుస్తకాలున్నాయి, వాన ఏ రోజు పడిందో, ఏ మడి ఎలా తట్టుకుందో రాసినవి. ఆ పదకొండు రకాల్లో ఊదా కళ్ళున్న ఒక దుంపని ఆ ఊళ్ళో ఇంజనీరమ్మ దుంప అంటారు. పండగ రోజు ముందు దాన్నే వండుతారు. ఆ ఊరికి ఇప్పుడు ఫోన్ చేసి, ఆ పేరు నాది కాదని చెప్పాలి.

"నేను చెప్పనా ఆయనకి?" అంది నినోస్కా.

"వద్దు. ఇన్నేళ్ళూ నన్ను నెత్తిన పెట్టుకున్న మనిషితో అబద్ధం నేనే ఆడాను. నా నోటితోనే పోవాలి."

ఎలోయ్ జిగురు మాడిపోతోందని గొణుక్కుంటూ షాపులోకి వెళ్ళాడు. తలుపు మాత్రం దగ్గరికి వెయ్యలేదు.

సెనోబియా గోడ మీద ఉన్న తండ్రి ఫొటో వైపు చూసింది. లారీ బానెట్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. తల వెనక బోర్డులో సగం అక్షరాలే కనిపిస్తున్నాయి. ఆయన సిగ్గుపడతాడనే కదా ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ ముఖంలోకి చూస్తే ఇప్పుడు ఇంకేదో తోచింది. పదకొండు రకాల విత్తనాలు, నలభై ఒక్క నోటుపుస్తకాలు అని ఎవరైనా చెప్పి ఉంటే, ఆయన ఆ బోర్డు చెరిపేవాడు కాదు. ఇంకొంచెం పెద్ద అక్షరాలతో రాయించేవాడు.

ఆమె ఆకుపచ్చ అట్టని ఒళ్ళో పెట్టుకుని ఫోన్ తీసింది. కొండ మీద సిగ్నల్ అందడానికి కాసేపు పట్టింది. అవతల గాలి హోరు, ఒక గొర్రె అరుపు, దాని వెనక ముసలి గొంతు.

"ఇంజనీరమ్మా, పొద్దున్నే ఫోన్ చేశావు. అంతా బాగేనా?"

"బాగే, పెద్దయ్యా," అంది సెనోబియా. "ఆ పిలుపు గురించే చెబుదామని చేశాను."