నేరుగా లండన్ విమానం

ఆశ్రిత కనబడటం లేదు.

కంప్లయింట్ ఇచ్చింది తల్లి కాదు, అన్న కాదు. బెంగళూరులో ఆమెతో ఒకే ఎయిర్‌లైన్స్‌లో పనిచేసే ప్రసూన.

గార్లదిన్నె స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ చంద్రిక ఎదుట కూర్చుని గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"అన్న రమ్మన్నాడని ఊరికి వచ్చింది మేడమ్. ఆదివారం నుంచి ఫోన్ స్విచాఫ్. వాళ్లమ్మను అడిగితే, ఊర్లో లేదని పెట్టేసింది."

"ఆమె ఉద్యోగమేంటి?"

"ఏ విమానం ఏ ఊరి నుంచి ఎగరాలో తేల్చే టీమ్. లండన్‌లో దిగాలంటే స్లాట్ కావాలి. అంటే దిగడానికి కేటాయించిన వేళ. అది దొరకడం గగనం. అందుకే పోయిన నెల మా బెంగళూరు ఫ్లైట్ ఎత్తేసి, ఆ స్లాట్ ఢిల్లీకి ఇచ్చేశారు. అన్ని ఊళ్ల జనాన్నీ ఢిల్లీలో పోగుచేసి పంపుతారు. హబ్ అంటే అదే. ఆ సలహా ఆశ్రితదే."

చంద్రిక తలూపింది. విమానాల సంగతి ఆమె చెవికెక్కలేదు. మనసంతా 'అన్న' అన్న మాట దగ్గరే ఆగింది.

ఆశ్రిత అన్న విష్ణువర్ధన్‌ను ఎరగనివాళ్లు ఆ మండలంలో లేరు. మన మెట్టనేలలో ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ వస్తుందని ఊరూరా చెబుతున్నాడు. బోర్లు ఎండిన రైతులు నమ్మారు. రేపే వాళ్ల భూములకు అతనితో అగ్రిమెంట్లు.

చంద్రిక, కానిస్టేబుల్ మద్దిలేటి వెళ్లేసరికి అతను నవ్వుతూ ఎదురొచ్చాడు.

"చెల్లెలు కంపెనీ పనిమీద లండన్ పోయిందమ్మా. సోమవారం నేనే బెంగళూరులో దింపినా."

"డ్రైవర్?"

"లేడు. నేనే నడిపినా."

"ఏ విమానం?"

"వాళ్ల కంపెనీదే. నేరుగా లండన్. పోయినేడు గూడా దాంట్లోనే పోయింది."

"నిజమేనా అమ్మా?" పక్కన నిలబడ్డ పెద్దామెను అడిగింది చంద్రిక.

"పోయిందమ్మా," అంది తల్లి వెంకటలక్ష్మమ్మ. కళ్లెత్తలేదు.

జీపు ఊరు దాటింది.

"పెద్దోళ్ల ఇల్లు మేడమ్. యాల మనకు?" అన్నాడు మద్దిలేటి.

చంద్రికకు 'నేరుగా లండన్' అన్న మాట మళ్లీ వినబడింది. ఏదో ముల్లులా గుచ్చుతోంది. హఠాత్తుగా ఫోన్ తీసింది. ప్రసూనను ఒకే ప్రశ్న అడిగింది. ఒకే జవాబు వచ్చింది.

"జీపు తిప్పు."

వసారాలో తల్లీకొడుకులను కూర్చోబెట్టింది.

"మీరు చెప్పిన విమానం లేదు, విష్ణువర్ధన్ గారూ."

నవ్వు ఆగింది.

"పోయినేడు ఉండేది. పోయిన నెల ఎత్తేశారు. ఎత్తేయమన్నది మీ చెల్లెలే. లేని విమానం ఎట్లా ఎక్కింది?"

"అంటే... ఢిల్లీ మీదుగా..."

"నేరుగా అన్నారు మీరు. బెంగళూరు నుంచే ఎత్తేసినవాళ్లు ఇక్కడ విమానం దింపుతారా? ఆ మాట రైతులకు చెబుతానని మీ చెల్లెలు అన్నది, అందుకే దాచారు. అవునా?"

అతను తల్లివైపు చూశాడు. ఆ చూపు చాలు.

చంద్రిక ఆమె ముందు కూర్చుంది. "బిడ్డ యాడ అమ్మా?"

"కొట్టలేదమ్మా. అన్నం నేనే పెడతాండా. రేపటిదాకే అన్నాడు..." పెద్దామె చేత్తో పొలాలవైపు చూపింది. "చీనీతోటలో. మోటారు షెడ్డు."

ఆ బత్తాయి తోట ఎప్పుడో ఎండి కట్టెలయింది. తాళంచెవి కోసం ఆగకుండా మద్దిలేటి తాళం పగలగొట్టాడు. ఆశ్రిత గోడకు ఆనుకుని ఉంది. పెదాలు పగిలాయి. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

చంద్రిక ఆమెను పట్టుకుని బయటికి నడిపించింది. అప్పటికే జనం మూగారు. ముందు నిలబడ్డ ఓబన్న అనే రైతు తలపాగా తీశాడు.

"నిజం చెప్పమ్మా. విమానం రాదా?"

"రాదన్నా. భూమి ఇయ్యొద్దు."

"ఆ ఆశతోనే పిల్లోళ్లను వలస పోకుండా ఆపుకోని ఉంటిమి గదమ్మా," అన్నాడు ఓబన్న. అందులో కృతజ్ఞత లేదు. కోపమే ఉంది.

ఇంతలో వెంకటలక్ష్మమ్మ పరుగున వచ్చింది. కూతురిని దాటుకుని పోయింది. విష్ణువర్ధన్‌ను కూర్చోబెట్టిన జీపు కమ్మీ పట్టుకుంది.

"నా కొడుకును యాడికి తీసుకపోతాండారు?"

ఆశ్రిత చూస్తూ నిలబడింది. చంద్రికకు ఆ మొహంలోకి చూడటం చేతకాలేదు. నీళ్ల బాటిల్ అందించింది.

ఆశ్రిత తాగింది. మూత బిగించింది.

"స్టేట్‌మెంట్ రాసుకోండి మేడమ్. తాళం వేసింది మా అన్న."

చంద్రిక రాసింది.

"తాళంచెవి మా అమ్మ దగ్గర ఉండింది."

చంద్రిక పెన్ను ఆగింది.

"అది గూడా రాయండి," అంది ఆశ్రిత.