ముట్టని కాఫీ

సుమత్రాలో అటవీ గార్డు దర్విస్‌ను నల్లనీటి కాలవలో ముంచి చంపేశారు. శవం తేలిన మర్నాడే సింగపూర్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసు నుంచి ఏజెంట్ హైకల్‌కి పిలుపొచ్చింది.

"సుమత్రా అడవికి మళ్లీ నిప్పు పెట్టబోతున్నారు," అంది చీఫ్ మేడం ఓంగ్. "పామాయిల్ సిండికేట్. కాలవలు తవ్వి నేలంతా ఎండగట్టారు. అందులో దూరం నుంచే మంట రాజేసే రిమోట్ ఇగ్నైటర్లు పాతారు. ఒక్కసారి అంటుకుంటే, కుళ్లిన ఆకులు పేరుకున్న ఆ నేల నెలల తరబడి లోలోపలే రగులుతుంది. పొగంతా మన మీదికే."

"నాకు చెప్పాలా మేడం?"

ఆమె తల దించుకుంది. అలాంటి పొగలోనే హైకల్ కూతురు నూహా ఊపిరాడక పోయింది. బడికెళ్లే పిల్ల. ఆ దగ్గు అతన్ని ఇంకా వదల్లేదు. లిఫ్టులో, ఫెర్రీలో, ఎక్కడ కాస్త సద్దుమణిగినా వెనకనుంచి వినిపిస్తుంది. తిరిగి చూడటం మానేశాడు పాపం.

"అక్కడ మన మనిషి సెరూని. సిండికేట్‌లో ఉంటూనే మనకు కబుర్లందిస్తోంది. ఆ నది ఒడ్డునే పుట్టిందట, ఇల్లు మంటల్లో పోయిందట, అందుకే మనవైపు తిరిగింది. ఒక్క మాట హైకల్. నువ్వు అక్కడ దొరికావో, అడవి కాపలాకి అక్కడి ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం గంగలో కలుస్తుంది. మళ్లీ మనల్ని గడప తొక్కనివ్వరు."

రబ్బరు వ్యాపారి వేషంలో హైకల్ నది చేరాడు. అతని అమ్మమ్మ పుట్టిందీ ఆ నది ఒడ్డునే. స్తంభాల మీద కట్టిన ఒక ఇంట్లో సెరూని ఎదురుచూస్తోంది. పట్టు జాకెట్టు, ఎర్రటి లిప్‌స్టిక్, మనిషిని కట్టిపడేసే నవ్వు.

"రబ్బరు తడిగా ఉందా?"

"ఈ ఏడు వానేదీ?"

కోడ్ సరిపోయింది. ఇంటావిడ మాక్ ఉతే ఇద్దరికీ కాఫీ తెచ్చి పెట్టింది.

"టైమ్ లేదు," అంటూ సెరూని లేచింది. "ఇగ్నైటర్లు చూపిస్తా, పడవెక్కు."

"ఒసేయ్ పిల్లా! తాగకపోతే మానె, వేలితో ముట్టుకునైనా వెళ్లవే! కాదని పోతే దారిలో మొసలి పాలవుతావు!" అని అరిచింది మాక్ ఉతే.

"నీ చాదస్తం నువ్వూనూ, పెద్దమ్మా!" అని నవ్వుతూ సెరూని మెట్లు దిగిపోయింది.

హైకల్ కప్పుకి వేలు ఆనించాడు. ఏమీ ఎరగనట్టే పడవెక్కాడు.

మానులు నరికేసిన మైదానంలో దిగారు. ఒక్క పిట్ట కూత లేదు. అడుగేస్తే నేల పొడిపొడిగా కుంగుతోంది. వెనక ఎవరో పిల్ల దగ్గింది. ఈసారీ అతను తిరగలేదు.

"నువ్విక్కడే ఉండు. నీళ్ల సీసా మర్చిపోయా," అని సెరూని పడవ వైపు నడిచి, లిప్‌స్టిక్ తీసింది. మూతలో ఎర్ర దీపం వెలిగింది. అదే రిమోట్. బొటనవేలు మీట మీదికి వెళ్లేలోగా హైకల్ దూకి మణికట్టు విరిచి పట్టాడు. లిప్‌స్టిక్ లాక్కుని కాలవలోకి విసిరేశాడు. నల్లనీళ్లు గుటుక్కున మింగేశాయి.

"నన్ను ఇగ్నైటర్ల మధ్య తగలబెట్టి, సింగపూర్ గూఢచారే అడవి కాల్చాడని చాటింపు వేద్దామనా?"

"ఎలా తెలిసింది?"

"కాఫీ ముట్టుకోలేదు."

"ఆ ముసలిదాని కాఫీయా!"

"ఈ నది మీద పుట్టినవాళ్లు ఇల్లు కాలిపోతున్నా సరే, ముట్టుకునే పరిగెడతారు."

సెరూని పగలబడి నవ్వింది. "పిచ్చివాడా, నన్ను పంపినవాడు మీ ఊరివాడే! నలభయ్యో అంతస్తులో ఏసీలో కూర్చున్నాడు. మీ వాళ్లు ఒక చేత్తో అడవికి కాపలా పెడతారు, ఇంకో చేత్తో అగ్గిపుల్ల అందిస్తారు."

ఆ మాట హైకల్ గుండెలో దిగింది. నూహాని చంపిన పొగ కూడా తన వీధిలోంచే బయల్దేరిందేమో!

"పేరు చెప్పు," అన్నాడు. "పొరుగుదేశంలో నిప్పు పెట్టించినా పట్టుకునే చట్టం మాకుంది. నువ్వు సాక్షివైతే చాలు, నీకు శిక్ష తగ్గుతుంది."

సెరూని ఆ పేరు చెప్పేసింది.

వారం తర్వాత ఆ పెద్దమనిషి చేతులకి బేడీలు పడ్డాయి. మేడం ఓంగ్ కిటికీ తెర పక్కకి జరిపింది. ఆకాశం మచ్చ లేకుండా నీలంగా ఉంది.

"చూశావా హైకల్, ఎవరైనా థాంక్స్ చెప్పారా? ఎండ మండిపోతోందని ఊరంతా ఒకటే సణుగుడు."

"సణగనివ్వండి మేడం," అన్నాడతను, కళ్లు తుడుచుకుంటూ. "సణగాలన్నా ఊపిరి ఉండాలిగా."