కోడలు కట్టిన ట్రక్కు

ఆ శనివారం పొద్దున వెర్లీన్ పెనం మీద పాన్‌కేకులు తిరగేస్తూ కోడల్ని రెండుసార్లు కేకేసింది. జవాబు లేదు. ఇంటి వెనక షెడ్డులోంచి ఇనుప గొలుసు గరగరలాడుతున్న చప్పుడు మాత్రం వస్తోంది.

"రోండా! చల్లారిపోతున్నాయే!" అని మళ్ళీ అరిచి, లాభం లేదని పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ పెరట్లోకి నడిచింది.

షెడ్డు గుమ్మంలోనే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. పోయిన భర్త ఎమ్మెట్ ట్రక్కు నోరు తెరుచుకుని ఉంది. ముందు మూత ఊడదీసి గోడకు ఆనించారు. సీటు బయట గడ్డిలో పడి ఉంది. ఇంజను గొలుసుకు వేలాడుతోంది. పక్కనే నిలబడి, మోచేతుల దాకా నల్లటి నూనెతో, జుట్టు పైకి ముడేసుకుని, రోండా దాన్ని నెమ్మదిగా దింపుతోంది.

ఎమ్మెట్ పోయి ఆరేళ్ళు. ఆయన ఆ ట్రక్కులోనే పశువులకు దాణా తెచ్చేవాడు, గడ్డిమోపులు లాగేవాడు. కొడుకు డ్వేన్ పుట్టినప్పుడు ఏడా అనే ఊళ్ళోని ఆసుపత్రి నుంచి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆమె ఇంటికి వచ్చింది కూడా అందులోనే. "అమ్మా, నాన్న ట్రక్కు రోండాకి ఇద్దామా? బాగుచేస్తుంది" అని కొడుకు అడిగితే సంతోషంగా తలూపింది. బాగుచేయడమంటే కడిగి, నూనె మార్చి, నడిచేలా చేయడమనుకుంది.

"ఇదేంటే ఇది?" అంది వెర్లీన్.

"పాత ఇంజను తీసేస్తున్నానత్తయ్యా. దీని పని అయిపోయింది. అదిగో, అది పెడతా." మూల చెక్కల మీద ఇంకో ఇంజను కూర్చుని ఉంది.

"నడిచేలా చేస్తావనుకున్నాను."

"నడవడం ఏంటి, ఎగురుతుంది!" రోండా మొహం వెలిగిపోయింది. "రేసుకు తప్ప దేనికీ పనికిరాని బండి కాదండోయ్. పొద్దున దీంట్లోనే పనికెళ్తా, వస్తూ వస్తూ మీకు కూరగాయలు తెస్తా, శనివారం రేసులో దింపుతా. అదీ లెక్క."

వెర్లీన్ వేలాడుతున్న ఇంజను వైపు ఓసారి చూసింది. "తినడానికి రా" అని మాత్రం చెప్పి వెనుదిరిగింది.

కొడుకు సముద్రం మధ్య చమురు బావి మీద పనిచేస్తాడు. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసింది.

"ఒరేయ్ డ్వేన్, మీ ఆవిడ మీ నాన్న బండిని ముక్కలు చేస్తోందిరా!"

"అమ్మా, ముక్కలు చెయ్యడం కాదు, కడుతోంది."

"కడుతోందో, కోస్తోందో! రేసులట! నీకు తెలుసా?"

"తెలుసు. నాకన్నా తనకే బాగా తెలుసు. కొన్నాళ్ళు ఓపిక పట్టు, నువ్వే చూస్తావుగా."

"నువ్వు పెళ్ళాం కొంగు వదలవులే" అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు అవసరానికే పరిమితమయ్యాయి. కాఫీ ఉందా, ఉంది. వాన వస్తుందా, రావచ్చు. అయినా వంటింటి కిటికీ సరిగ్గా షెడ్డుకు ఎదురుగా ఉండటంతో, గిన్నెలు కడుగుతూ వెర్లీన్ అన్నీ చూస్తూనే ఉండేది.

రోండా బడి బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. వచ్చే జీతంలో రేసు బండి కట్టడం అయ్యే పని కాదు. అందుకే ఆమె కొత్త సామాను జోలికి పోలేదు. వెనక నుంచి దెబ్బతిన్న ఓ ట్రక్కును వేలంలో మొత్తంగా కొంది. అందులో ఇంజను, గేరుపెట్టె, వైర్లు తను తీసుకుని, తలుపులు, సీట్లు, దీపాలు, చక్రాలు ఒక్కొక్కటే అమ్మేసింది. చివరికి చూస్తే ఇంజను ఇంచుమించు ఊరికే వచ్చినట్టయింది. ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే టర్బోను ఏదో డీజిల్ లారీ నుంచి సంపాదించింది. బరువులు లాగే పెద్ద బండి ఇరుసు తెచ్చి వెనక బిగించింది. రేసుగాళ్ళు పక్కన పడేసిన టైర్లను గోటితో గీరి చూసి, ఇంకా నేలను పట్టే జిగురున్నవి ఏరుకొచ్చింది. డబ్బు పెట్టింది రెండుచోట్లే: ఇంజను లోపలి స్ప్రింగులకూ, పెట్రోలు పంపుకూ. "ఇక్కడ పిసినారితనం చేస్తే ఇంజనంతా పోతుంది" అని ఎవరితోనో ఫోన్లో అంటుంటే వెర్లీన్ వింది. అతుకు నచ్చకపోతే కోసి మళ్ళీ అతికేది. ఒక్క గొట్టం కోసం ఆదివారమంతా బండి కింద వెల్లకిలా పడుకుని ఉండేది. ఆ పిల్లకున్న పట్టుదల చూస్తే మెచ్చుకోవాలనిపించేది, మరుక్షణం భర్త గుర్తొచ్చి మనసు గట్టిపడేది.

ఓ ఆదివారం చర్చి అయ్యాక వెర్లీన్ చెల్లెలు లొరెట్టా అందరి ముందూ నవ్వుతూ అంది: "ఎమ్మెట్ బావ బండిని మీ కోడలు రేసుకు కడుతోందటగా! ఇక ఇంట్లో ఏది మిగిలిందక్కా?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వచ్చేసరికి షెడ్డులో నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. పొగగొట్టం బయటికి రావడానికి రోండా ముందు చక్రం పక్కన రేకు కోస్తోంది. చర్చి బట్టలతోనే వెర్లీన్ లోపలికి దూసుకెళ్ళింది.

"ఆపు! ఆపమంటున్నానా!"

రోండా కోత యంత్రం కట్టేసి, కళ్ళద్దాలు పైకి జరిపింది. "ఏమైందత్తయ్యా?"

"ఏమైందా? అది మా ఆయన బండి. ఆయన చెయ్యి తగిలిన ప్రతిదీ ఊడబెరికావు. ఇప్పుడు ఒళ్ళు కూడా కోస్తున్నావు. నీకసలు మనసుందా?"

"ఉంది కాబట్టే ముట్టుకున్నాను. నేను తలుపు తీసిన రోజు సీటు నిండా ఎలుకల గూళ్ళు. బండి నేల మీద చెయ్యి పెడితే తుప్పులోంచి చెయ్యి కిందికి దిగిపోయింది. మీరు చివరిసారి ఆ తలుపు ఎప్పుడు తీశారత్తయ్యా?"

జవాబు లేనప్పుడు మనిషి నోటికి ఎంత మాట వస్తుందో వెర్లీన్‌కూ అంత మాట వచ్చింది.

"నీకిలాంటివి ఎలా అర్థమవుతాయిలే! నీకంటూ ఓ ఇల్లుంటే కదా, ఇంట్లో వస్తువు విలువ తెలియడానికి!"

రోండా చిన్నప్పుడు ఒకరింట్లోంచి ఇంకొకరింటికి తిరిగి పెరిగిన పిల్ల. ఊరి బయట పాత బండ్ల యార్డు నడిపే పిన్ని ఆఖరికి చేరదీసింది. ఆ సంగతి వెర్లీన్‌కు తెలుసు. తెలిసే అంది.

రోండా కళ్ళద్దాలు తీసేసింది. పనిముట్లు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో సర్దింది. ట్రక్కు మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలూ తాడుతో కట్టింది. ఆ రోజు భోజనానికి రాలేదు. మర్నాటి నుంచి పనికి వెళ్ళడం, వచ్చి గిన్నెలు కడగడం, గదిలోకి వెళ్ళిపోవడం. షెడ్డు వైపు తిరిగి చూడలేదు.

వెర్లీన్ కోరుకున్నదే జరిగింది. కానీ గిన్నెల ముందు నిలబడితే కిటికీ అవతల ఏమీ కదలదు. సుత్తి చప్పుడు లేదు, రేడియోలో పాటలు లేవు. ఎమ్మెట్ పోయిన కొత్తలో ఇల్లు సరిగ్గా ఇలాగే ఉండేది. ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక షెడ్డులోకి వెళ్ళి, తాడు విప్పి టార్పాలిన్ తొలగించింది.

బండి తలుపు తీసింది. కిర్రుమనలేదు, మెత్తగా తెరుచుకుంది. లోపల సీటు మళ్ళీ బిగించి ఉంది, నేల మొత్తం కొత్త రేకు. పాత ఇనుమూ కొత్త ఇనుమూ కలిసినచోట అతుకు వేలికి తగలనంత నున్నగా ఉంది. కింద, బయటికి ఎవరికీ కనబడనిచోట కూడా, తుప్పు గీకి రంగు వేసి ఉంది. పందెంలో గెలవడానికైతే ఇంత అక్కర్లేదు. ఇంకో ముప్పై ఏళ్ళు బతకాలని చేసిన పని అది.

వెర్లీన్ ఎక్కి కూర్చుని స్టీరింగు పట్టుకుంది. అంత్యక్రియల రోజు షెడ్డు తలుపు వేసి, రోండా పని మొదలుపెట్టేదాకా మళ్ళీ ఈ బండి దగ్గరికి రాలేదు. ఆయన వాసన తగులుతుందని భయం. దాచుకున్నానని అనుకుంది. నిజానికి ఎలుకలకూ తుప్పుకూ వదిలేసింది. ఆయన మిగిల్చిన ఒక్క బండినీ చావు నుంచి లాక్కొచ్చిన పిల్లను పట్టుకుని ఇల్లులేనిదానా అంది. స్టీరింగు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

సాయంత్రం రోండా వచ్చేసరికి అత్తగారు వాకిట్లోనే నిలబడి ఉంది.

"ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టి, మింగేసి, మళ్ళీ అంది. "చాలా తప్పు మాట అన్నాను. ఇది నీ ఇల్లే. నువ్వు నన్ను క్షమించినా, క్షమించకపోయినా, పని మాత్రం ఆపకమ్మా."

రోండా చేతిలోని సంచి మెట్టు మీద పెట్టింది. "ఆ మాట బాగా నొప్పెట్టిందత్తయ్యా" అంది.

"తెలుసు."

"సరే అయితే. బ్రేకులు తొక్కడానికి ఓ మనిషి కావాలి. వస్తారా?"

వెర్లీన్ చెప్పులు కూడా మార్చుకోకుండా వెళ్ళి బండెక్కింది. రోండా చక్రాల దగ్గర కింద పడుకుంది.

"తొక్కండి... పట్టుకోండి... వదలకండి... ఆఁ, వదలండి. మళ్ళీ."

"ఇంకెంతసేపే? కాలు పీకేస్తోంది!"

"చర్చిలో గంటసేపు నిలబడి పాడతారుగా, ఇదెంత?"

"అక్కడ ఎవరూ నా మీద ఇలా అరవరు!"

కింద నుంచి నవ్వు వినబడింది. ఎన్నో రోజుల తర్వాత ఆ షెడ్డులో వినబడిన నవ్వు.

మే నెలాఖరుకు బండి సిద్ధమైంది. తలుపు తాళం వేసినంత తేలిగ్గా స్టార్టయింది. సగం రంగు వెలిసిన ఆ పాత ట్రక్కులోనే అత్తాకోడళ్ళు చర్చికి వెళ్ళారు. లొరెట్టా వాకిట్లో నోరు తెరిచి చూస్తుంటే రోండా యాక్సిలరేటరు కాస్త తొక్కింది. చర్చి కిటికీలు గలగలలాడాయి. వెర్లీన్ ముందుకు చూస్తూ, ఏమీ ఎరగనట్టు టోపీ సర్దుకుంది.

రేసు రోజున డ్వేన్ రావాలి. సముద్రంలో గాలివానకు, అక్కడివాళ్ళను ఒడ్డుకు చేర్చే హెలికాప్టర్లు ఆగిపోయాయి. "బయలుదేరే గీత దగ్గర ముందు నిలబడి, బండి తిన్నగా ఉందో లేదో చేతులతో చూపించే మనిషి కావాలి. పోనీలే, వచ్చే నెల చూద్దాం" అని రోండా నిట్టూర్చింది.

"మీ మామగారు పశువుల బండి వెనక్కి పెడుతుంటే ముప్పై ఏళ్ళు చేతులూపాను. నాకు రాదనుకున్నావా?" అంది వెర్లీన్.

తిన్నటి దారిలో రెండేసి బండ్లు పోటీపడే రేసు అది. రోండా దిగిన తరగతిలో ఒకటే ముఖ్యమైన నిబంధన: బండి రోడ్డు మీద నడుచుకుంటూ రావాలి, ట్రైలరు మీద కాదు. అయినా చాలా వరకు అద్దాల్లా మెరిసే ఖరీదైన బండ్లే. వాటి మధ్య గడ్డి మోసిన గీతలున్న ట్రక్కును చూసి ఒకరిద్దరు నవ్వారు.

పందేనికి ముందు సాధన పరుగులో పచ్చదీపం వెలగగానే బండి లేడిలా లేచింది. సగం దూరంలో వెనక చక్రాలు జారాయి. ట్రక్కు అడ్డం తిరిగి గోడ వైపు దూసుకెళ్ళింది. గోడకు కాస్త ఇవతల రోండా దాన్ని సర్దుకుని, వేగం తగ్గించి, తిన్నగా నడుపుకుంటూ వెనక్కి తెచ్చింది.

రోండా దిగి, హెల్మెట్ తీసి పక్కన పెట్టింది. వంగి వెనక టైర్లలో గాలి తగ్గించింది. టర్బో బలం మొదట్లో తక్కువగా, పోనుపోను ఎక్కువగా వచ్చేలా మార్చింది. తర్వాత అత్తగారి మొహంలోకి చూసింది.

"మీరు వద్దంటే ఇంటికి వెళ్ళిపోదామత్తయ్యా. నిజంగానే అంటున్నాను."

వద్దు అన్న మాట వెర్లీన్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గోడ వైపు వెళ్ళిన బండిని తిప్పిన చేతులను ఆమె కళ్ళారా చూసింది. ఆ బండిలో ప్రతి మరా ఎవరు బిగించారో, ఎన్నిసార్లు విప్పి బిగించారో కిటికీలోంచి చూసింది.

"జారిందెందుకో నీకు తెలిసిందా?"

"తెలిసింది. సరిచేశాను."

"అయితే వెళ్ళు."

ఈసారి అసలు పందెం; రోండా తడి నేల మీద చక్రాలు తిప్పి వేడెక్కించింది. తెల్లటి పొగలోంచి బండి నెమ్మదిగా ముందుకొచ్చింది. వెర్లీన్ రెండు చేతులూ ఎత్తి, కొంచెం ఎడమకి, ఇంకొంచెం, చాలు అని చూపించి పక్కకు తప్పుకుంది. పక్క గీతలో వెండిలా మెరిసే కొత్త ట్రక్కు.

దీపం మారింది. నేల అదిరింది. ముందు చక్రాలు తేలికై, పాత ట్రక్కు గీసిన గీతలా దూసుకుపోయింది. వెండి ట్రక్కు సగం బండి పొడవు వెనకపడింది. దూరమంతా ఆరున్నర సెకన్లలో! జనం లేచి నిలబడ్డారు. ఇందాక నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆ ఇంజను చూడాలని పరుగెత్తారు. తర్వాతి పందెంలో వెంట్రుకవాసిలో ఓడిపోయిందిగానీ, ఆ సరికి అది ఎవరికీ పట్టలేదు. "ఇదంతా పాత సామానుతోనా?" అని అడిగినవాళ్ళకల్లా వెర్లీన్ ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తనే వివరించి చెప్పింది.

ఎండ వాలుతుండగా ఇంటిదారి పట్టారు. కాసేపటికి రోండా చెంపల మీద నీళ్ళు కారుతుండటం వెర్లీన్ గమనించింది.

"ఏంటే, ఓడిపోయావనా?"

"కాదత్తయ్యా. ఇన్నేళ్ళలో నేను ఏం చేసినా నా వెనకాల అమ్మలా నిలబడిన మనిషి లేదు. అది గుర్తొచ్చింది."

వెర్లీన్ కళ్ళు కూడా నిండాయి. చెయ్యి చాచి, మసి అంటుకున్న కోడలి చెంప తుడిచింది.

"వెనకాల ఎక్కడే? పొగంతా మింగుతూ ముందే నిలబడ్డాను కదా!"

రోండా ఏడుస్తూనే పకపకా నవ్వింది. ఎదురుగా రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. వెర్లీన్ బెల్టు ఇంకాస్త బిగించుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "కొంచెం తొక్కవే" అంది.