రాళ్ళ కాళ్ళకు సిమెంటు

మీరే చేశారు! ఇంకెవరూ కాదు, మీరే! చనిపోయినవాళ్ళ రాళ్ళ కాళ్ళకు సిమెంటు పోయించింది మీరే! ఆ పనిని ఒక క్షుద్రోపాసకుడి చేతిలో పెట్టి, రిబ్బను కత్తిరించి, సమోసాలు తిని, కారెక్కి వెళ్ళిపోయింది మీరే! దానికి ‘సుందరీకరణ’ అని పేరొకటి పెట్టారు. ఆ సిమెంటు కింద వాడు ఏం పాతాడో మీలో ఒక్కడైనా వంగి చూశాడా? చూడలేదు. అందుకే ఆ అమావాస్య ఆదివారం ఏం జరిగిందో ఇప్పుడు వినండి. చెవులు మూసుకున్నా వినిపిస్తాను!

మిట్టమధ్యాహ్నం... నడినెత్తిన ఉండాల్సిన సూర్యుణ్ణి కాలమేఘాలు మింగేశాయి. బస్తరులోని బైలడీలా కొండల మీద ఉరుము దొర్లుకుంటూ వచ్చి, ఆ శిలాస్తంభాల నడుమ ఆగి, అక్కడే బుసకొట్టినట్టయింది. పట్టపగలు గుడ్లగూబ అరిచింది! ఒకసారి కాదు... మళ్ళీ మళ్ళీ!

నిలువెత్తు రాళ్ళు, వరసలు వరసలుగా. ముందు వరసలు ఎంత పాతవో చెప్పగలిగినవాడు లేడు. వెనక వరసలు మాత్రం నిన్న మొన్న నిలబెట్టినవి. అక్కడి కోయవాళ్ళు తమవాళ్ళు పోతే ఇప్పటికీ రాయి నిలబెడతారు. బోర్డు రాసినవాడికి ఆ సంగతి పట్టలేదు. ‘ఆదిమానవుల అద్భుత శిలావనం’ అని రాసి, చుట్టూ ఇనుప కంచె వేసి, టికెట్ పెట్టారు. ప్రతి రాయి మొదలుకూ నున్నటి సిమెంటు అరుగు కట్టారు, టూరిస్టులు కూర్చుని ఫొటోలు దిగడానికి!

కిరండుల్ ఇనుపగని క్వార్టర్ల నుంచి వచ్చిన బస్సులో వరహాలమ్మ, ఆమె కూతురు రాజ్యశ్రీ ఉన్నారు. వరహాలమ్మ భర్త గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమెకు ఈ యాత్ర మొదటి నుంచీ నచ్చలేదు. రాజ్యశ్రీకి బ్యాంకు ఉద్యోగం చేతి దాకా వచ్చి జారిపోతోంది. స్వామి శిలాదర్శనం చేయిస్తే కోరిక తీరుతుందని ఎవరో చెప్పారు. తల్లిని లాక్కుని వచ్చింది.

ఆ స్వామి పేరు శిలానందుడట! నల్ల పట్టుబట్ట, మెడలో ఎముకల దండ, నుదుటిన నెత్తుటిచుక్క లాంటి కుంకుమ. కళ్ళు మాత్రం సంతలో కోడిని బేరమాడే వాడి కళ్ళు. ఆ కళ్ళను ఎక్కడో చూసినట్టే అనిపించింది వరహాలమ్మకు. అరుగులు కట్టిన కాంట్రాక్టరూ వాడే, టూరిస్టులను తోలుకొచ్చేదీ వాడే!

“నుదురు రాయికి ఆనించు! నీ పేరు రాయికి చెప్పు! గట్టిగా!” అన్నాడు.

చివరి వరసలో ఒక రాయికి నుదురానించి ఆ పిల్ల చెప్పింది. “రాజ్యశ్రీ!”

పిడుగు పడింది!

రాజ్యశ్రీ నోరు తెరుచుకుంది. అందులోంచి వచ్చింది ఆమె గొంతు కాదు... బండలు ఒరుసుకున్నట్టున్న ఒక మగగొంతు! తెలియని భాషలో ఘోరంగా అరుస్తోంది. కనుగుడ్లు తెల్లబడ్డాయి. జుట్టు విప్పుకుపోయింది. వరహాలమ్మ పరుగెత్తి కూతురి పాదాలు పట్టుకుని, ఉలిక్కిపడి వదిలేసింది. పాదాలు చల్లగా, గరుగ్గా... రాయిలా ఉన్నాయి! ఆ రాతిచలి చూస్తుండగానే చీలమండలు దాటి మోకాళ్ళకు ఎక్కుతోంది!

“ఓలమ్మో! నా గుంటకి ఏటయిందిరో!”

“శిల స్వీకరించింది!” స్వామి చేతులు ఆకాశానికెత్తాడు. “రాయి గొంతు దాకా ఎక్కితే ఈ కన్య నా వాక్కు అవుతుంది. ఈ వనంలోని ప్రేతాలన్నీ ఈమె నోటితో నాకు జవాబు చెబుతాయి! ఎవరూ ముట్టుకోకండి!” అంటూ పూజాద్రవ్యాల కోసం పెద్ద రాయి వెనక వేసిన డేరాలోకి దూరాడు.

మిగతా టూరిస్టులు ఏం చేశారు? ఫోన్లు ఎత్తి పట్టుకుని వీడియోలు తీశారు!

వరహాలమ్మ కంచె లోపలే ఆగిన బస్సు డ్రైవర్ దగ్గరికి ఉరికింది. స్వామి చెప్పందే బండి కదలదన్నాడు వాడు. ఫోన్ చేసింది. సిగ్నల్ లేదు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న కాపలావాడు వీరేందర్ కాళ్ళ మీద పడినంత పని చేసింది.

“బాబూ, ఆ రాయి కాడ ఏదో ఉంది. ఆ సామిగాడేదో పాతుంటాడు. తవ్వించు బాబూ!”

“మేడమ్, ఆ రాళ్ళు సర్కారువి. చెయ్యి వేస్తే కేసయితది. ఊపర్ సే, పైనుంచి ఆర్డర్.”

“మరి సిమెంటు పోసినప్పుడు కేసవలేదేటి?”

“దానికి పర్మిషన్ ఉంది గదా మేడమ్!”

విన్నారా? పోయడానికి పర్మిషన్ ఉంది. పగలగొట్టడానికి లేదు! పిల్ల నడుము దాకా రాయవుతోంది, వీడు ఆర్డర్ అంటున్నాడు! వరహాలమ్మ ఏడుపు ఆపి కొంగు నడుముకు బిగించింది.

అప్పుడే కంచె అవతల నుంచి ఒక కేక.

“అక్కా! క్వార్టర్ల అక్కా! గా గొంతు మా ఆయనది!”

ఇర్మె! సంతలో చింతపండు అమ్మే మనిషి. తెలంగాణ సరిహద్దున ఉసూరు వైపు పుట్టి, ఇక్కడి కోయపల్లెకు కోడలై వచ్చింది. ఆమె దగ్గర వరహాలమ్మ ప్రతి సంతకూ గీచి గీచి బేరమాడుతుంది. కంచెను రెండు చేతులా పట్టుకుని ఊపుతోంది ఇర్మె.

“నీ మొగుడిదేటి, ఇర్మే? ఈడ ఆదిమానవులు గదా ఉన్నారంట!”

“ఏంది ఆదిమానవులు? గా రాయి నా పెనిమిటిది, ఆయన పేరు ఉంగ! మేమే మోసుకొచ్చి నిలబెట్టినం. ఇప్పుడు చూడ పోదామంటే టికెట్ కొనాల్నంట! కాళ్ళు కదుల్తలేవు, ఊపిరాడ్తలేదు అని మా కోయ మాటల్ల మొత్తుకుంటున్నడు, వినబడ్తలేదా?” ఇర్మె కంచెలోంచి చెయ్యి చాపి రాయిని చూపింది. “ఉత్త మట్టిల నిలబెడ్తం అక్కా. లోపలున్నోడు మంచిగుంటే రాయి ఇంత పైకొస్తది. అలిగితే కిందికి దిగుతది. ఏటేటా వచ్చి చూసుకుంటం. సిమెంటు పోస్తే ఎట్ల లేస్తడు? ఎట్ల దిగుతడు? కట్టేసిన్రు! నీ బిడ్డ రాయికి తన పేరు చెప్పిందా?”

“సెప్పింది! ఆ ముండాకొడుకే సెప్పించాడు!”

“అయ్యో... బతికున్నోళ్ళ పేరు రాయికి చెప్పొద్దక్కా! రాయిని ముట్టి ఎవరి పేరు చెప్తే వాళ్ళను తనోళ్ళనుకుంటది. ఆఖరికి చెప్పిన పేరే పట్టుకుంటది. సిమెంటు పగలగొట్టు. నేనొచ్చి మా ఆయన పేరు చెప్త. నీ బిడ్డను ఇడుస్తది!”

లైటు స్తంభాలు పాతేవాళ్ళ రేకుల షెడ్డులో గునపం ఉంది. వరహాలమ్మ లాక్కుంది. వీరేందర్ అడ్డం వచ్చాడు.

“మేడమ్, నా నౌకరీ పోతది!”

“నా కూతురు పోతాది! జరుగు!”

ఆమె చేతిలోని గునపం చూసి వాడు పక్కకు జరిగాడు. దర్శనమని స్వామి వేయించిన తాళం మీద ఆమె వేసిన మొదటి దెబ్బకు గేటు తెరుచుకుంది. ఇర్మె టికెట్ లేకుండా లోపలికి వచ్చింది. తన మొగుడి దగ్గరికి!

వాన మొదలైంది. వాన కాదది... ఆకాశం చీలి నల్లటి నీరు కురిసింది. టూరిస్టులు బస్సులోకి పారిపోయారు. వరహాలమ్మ గునపం ఎత్తి ఆ అరుగు మీద వేసింది. నిప్పురవ్వలు! మళ్ళీ వేసింది. అరచేతులు చీలి నెత్తురు కారింది. రాజ్యశ్రీ రొమ్ము దాకా రాయైపోయింది. శ్వాస పిల్లికూతలా వస్తోంది. ఎంత కొట్టినా పెచ్చులే ఊడుతున్నాయి. దొంగ కాంట్రాక్టరు ఊళ్ళో రోడ్డు వేస్తే తొలి వానకే కొట్టుకుపోతుంది. ఈ పాపపు సిమెంటు మాత్రం ఉక్కులా పోశాడు! “పగలవే! పగిలి సావవే!” అని తిడుతూ మోదింది... మోదింది...

ఫట్!

అరుగు రెండుగా చీలింది. లోపల... నల్లదారాలు చుట్టి, నోటి నిండా సిమెంటు కుక్కిన ఒక కపాలం! దాని కంటి గుంటల్లోంచి పొగ లేచింది!

“ఆగండి!”

డేరాలోంచి స్వామి దూకాడు. మొహం ప్రళయరుద్రుడిలా మండుతోంది. ఇర్మె రాయి మీద చెయ్యి వేసి మొగుడి పేరు పలకబోయింది. “ఉం...” వాడు వేలు చూపి ఏదో బీజాక్షరం ఉమిశాడు. ఇర్మె నాలుక అంగిట్లో అంటుకుపోయింది! గొంతు పట్టుకుని కూలబడింది. వరహాలమ్మ చేతిలోని గునపం దానంతటదే ఎగిరి దూరంగా పడింది.

“క్షుద్ర కీటకమా! నా స్తంభన విద్యకు అడ్డొస్తావా? భస్మం చేస్తాను!” వాడు ఎడమచేయి రాతి మీద గట్టిగా అదిమిపెట్టి మంత్రం అందుకున్నాడు. రాజ్యశ్రీ మెడ బిగుసుకుంటోంది...

వరహాలమ్మ దగ్గర ఏముంది? మంత్రమా? తాయెత్తా? ఏమీ లేదు. క్వార్టర్ల కొళాయి దగ్గర బిందె కోసం జీవితమంతా పోట్లాడిన నోరు ఒకటే ఉంది. ఇర్మె చెప్పిన మాట గుర్తుంది... ఆఖరికి చెప్పిన పేరే పట్టుకుంటది! ఆమె నడుం మీద చెయ్యి వేసింది.

“ఒరే! ఎవుడివిరా నువ్వు?”

“శిలానందస్వామిని!”

రాయి ఉలకలేదు, పలకలేదు. అది వాడి పేరైతే కదా!

“ఛీ! శిలానందుడట! మా గని క్యాంటీన్లో సాంబారులో నీళ్ళు పోసేవోడివి కాదేట్రా నువ్వు? ఆ నీళ్ళ సాంబారుకి మా ఆయన తన్నబోతే బల్ల కింద దూరినోడివి కాదా? నిన్నందరూ ఏటని పిలిచేవోరు... చెంచాగాడు! అవునా? ఒరే చెంచా!”

“నోర్ముయ్!”

“నీకు పేరెక్కడుందిరా! అమ్మ పెట్టిన పేరు సెప్పుకోడానికి సిగ్గేసి సామి పేరు తగిలించుకున్నావు. పేరు లేని ఎదవా! చెంచా! నీళ్ళ సాంబారు చెంచా!”

కపాలాలను ఆడించినవాడు, ప్రేతాలను బంధించినవాడు, ఆ ఒక్క మాటకు గిలగిల్లాడిపోయాడు. మంత్రం మధ్యలో తెగింది. మెడనరాలు ఉబ్బాయి. అరచేయి రాతి మీదే ఉందన్న సంగతే మరిచిపోయాడు.

“చెంచా ఎవడే! నేను రాజేశ్వరరావుని! రాజేశ్వరరావునీ!!”

ఉరుము ఆగిపోయింది. గుడ్లగూబ ఆగిపోయింది. వాన కూడా గాలిలో ఒక్క క్షణం నిలబడినట్టయింది.

వాడు చేయి తీయబోయాడు. రాలేదు!

రాయి కింద నేల నోరు తెరిచింది. పగిలిన సిమెంటు ముక్కలు పళ్ళలా కదిలాయి. చుట్టూ ఉన్న రాళ్ళన్నీ అరుగుల్లో బిగుసుకుపోయే గుర్రుమన్నాయి... అనాదిగా అక్కడ పడుకున్న ముత్తాతలు, ముత్తవ్వల గుర్రు! దాని ముందు వాడి స్తంభన విద్య గడ్డిపరక! వాడి వేళ్ళు బూడిదరంగుకు తిరిగాయి, మోచేయి రాయయింది, భుజం రాయయింది. కపాలం నోట్లోని సిమెంటు పగిలి వికటంగా నవ్వినట్టు తెరుచుకుంది.

“వదులు! వరహాలమ్మా! వదలమని చెప్పు! అమ్మా!”

“ఇందాక నా గుంటా అమ్మా అనే అరవబోయింది. నువ్వు అరవనిచ్చావేట్రా?”

నేల వాడిని నడుము దాకా, మెడ దాకా, నెత్తి దాకా లాక్కుంది. కపాలం కూడా వాడి వెంటే పోయింది. వాడితో పాటు రాయి కూడా మూరెడు కిందికి దిగింది. ఇర్మె నాలుక వదులైంది. ఆమె పాక్కుంటూ వెళ్ళి ఆ తడి రాతిని రెండు చేతులా కావలించుకుని, కడుపారా పిలిచింది.

“ఉంగా... ఓ ఉంగా... నేనొచ్చిన.”

రాయి కదిలింది. మెల్లగా, బురదలోంచి, బొటనవేలంత పైకి లేచింది.

రాజ్యశ్రీ దగ్గింది. కాలివేళ్ళు కదిలాయి. “అమ్మా, చలేస్తోంది,” అంది. వరహాలమ్మ ఆ పాదాలను కొంగులో చుట్టి, అప్పుడు ఏడ్చింది.

కథ అయిపోయిందనుకుంటున్నారా? అవలేదు! ‘వానలో కాలు జారి స్వామి గల్లంతు’ అని తేల్చేశారు. గునపం పట్టినందుకు వరహాలమ్మ మీద కేసు పెట్టారు. ఇర్మె కంచె అవతలికే వెళ్ళింది. మొన్న మళ్ళీ ఒక లారీ వచ్చి సిమెంటు బస్తాలు దించింది, పగిలిన అరుగు బాగు చేయడానికి! ఆ లారీ ముందు ఇద్దరు ఆడవాళ్ళు అడ్డంగా కూర్చున్నారు. ఇప్పటికీ లేవలేదు.

మిగతా రాళ్ళ కాళ్ళు ఇంకా సిమెంటులోనే ఉన్నాయి. రాత్రిపూట అవి గుర్రుమంటున్నాయి. పగలగొట్టండి! విచారణ వద్దు, కమిటీ వద్దు, గునపాలు పట్టుకుని రండి! కంచె పీకండి! తన మొగుడి రాయిని చూసుకోవడానికి ఇర్మెను టికెట్ అడిగే ఆ గేటును ఈ రోజే ఊడదీయండి!

చెయ్యరా? అయితే ఇంకొక్క పని చెయ్యండి. సిమెంటుకు సంతకం పెట్టిన వాళ్ళందరూ రండి. ఆ రాళ్ళకు నుదురానించి, ఒక్కొక్కరే, గట్టిగా, మీ పేర్లు చెప్పండి!