గడ్డం వెనక మాట

బర్న్లీ నేత మిల్లులో మగ్గాలు మొదలయ్యాయంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. అందుకే అక్కడి ఆడవాళ్ళు గొంతుతో మాట్లాడరు. పెదవులు బాగా కదిలించి, కళ్ళు తిప్పి, ఆ చివర మగ్గం దగ్గరున్న మనిషికి కూడా ఇంటి సంగతులన్నీ చెప్పేస్తారు. డోర్కస్ అయితే మాటలు రాకముందే ఆ విద్య నేర్చింది. వాళ్ళమ్మ కెజయాకి మగ్గాల మోతకి చెవులు ఎప్పుడో పోయాయి కదా మరి.

ఒకరోజు డోర్కస్ మగ్గం మొరాయించింది. బాగుచెయ్యడానికి కొత్త మేస్త్రీ వచ్చాడు, ఎనక్ అని. ముక్కు కింద నుంచి మెడ దాకా గడ్డమే. ఏదో అన్నాడు. ఆమెకి ఒక్క ముక్క తెలియలేదు.

"ఆ పొదలో నోరెక్కడుందయ్యా?" అంది పెదవులతోనే.

అతనికి తెలిసింది. కళ్ళతో నవ్వాడు.

ఆ తరవాత మగ్గం బాగానే ఉన్నా వచ్చి చూసిపోయేవాడు. ఆదివారాలు వానలో కాలువ గట్టున నడిచారు. అక్కడ మోత లేదు, అతని గొంతు వినపడేది. మెత్తటి గొంతు.

ఒక ఆదివారం ఇంటికి టీకి పిలిచింది. కెజయా అతని మొహంకేసి అదేపనిగా చూసింది. అతను వెళ్ళాక కప్పులు తీస్తూ అంది.

"మీ నాన్న పోయిన రోజు మిల్లు నుంచి ఓ గడ్డమాయన వచ్చి ఏదో చెప్పాడే. అది ఆ కబురేనని నాకు తెలియలా. నవ్వి, తలూపి పంపించా. లోపలికొచ్చి, మీ నాన్న వస్తాడని టీ కప్పు కూడా పెట్టా." చేతిలో కప్పు బల్ల మీద పెట్టింది. "నోరు కనపడనివాడికి నా పిల్లనివ్వను."

మర్నాడు మిల్లు వదిలాక కాలువ గట్టున డోర్కస్ తేలిగ్గానే అడిగింది. "అమ్మకి నీ నోరు కనపడాలట. గడ్డమే కదా, తీసెయ్."

"అది తప్ప ఏదైనా అడుగు."

"అంటే నాకంటే ఆ వెంట్రుకలెక్కువా?"

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఆమె మగ్గం వైపే రాలేదు. డోర్కస్ పోగులు తెంపుకుంటూ, ముడేసుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ పనిచేసింది.

ఆదివారం తలుపు తీస్తే ఎనక్. నోటికి అడ్డంగా మఫ్లర్. విప్పాడు. గడ్డం లేదు. పై పెదవి ఒక పక్క చీలి, ముడుచుకుపోయి ఉంది.

"చిన్నప్పుడు మగ్గంలో దారం మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరొచ్చి తగిలింది. అప్పట్నించీ మిల్లులో నా మాట ఎవరికీ తెలియదు. గడ్డం ఉంటే తప్పు గడ్డానిదంటారు డోర్కస్. తీశాక కూడా మీ అమ్మకి తెలియకపోతే నాకింకేం మిగుల్తుంది?"

డోర్కస్‌ అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

ఎనక్ కెజయా ముందు నిలబడి చెప్పాడు. ఆవిడ నొసలు ముడిపడింది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతని భుజాలు వాలిపోయాయి.

"అమ్మా, అతనేమన్నాడంటే..."

"నువ్వుండవే. అతన్నే చెప్పనీ."

లేచి, పసివాడి గడ్డం పట్టుకున్నట్టు పట్టుకుని అతని మొహం కిటికీ వైపు తిప్పింది.

"ఈ పక్క పెదవికి కదలిక లేదు. ఆ పక్కది బాగానే ఉంది. ఇప్పుడు చెప్పు బాబూ, నిదానంగా."

అతను చెప్పాడు. ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు ఆవిడ పైకి పలికింది. "మీ అమ్మాయి... నా ప్రాణం. మీకు... ఏదీ... దాచను."

కెజయా అతని మొహం వదిలింది. తరవాత పొయ్యి పక్కనున్న కుర్చీని, భర్త పోయాక ఎవర్నీ కూర్చోనివ్వని ఆ కుర్చీని, బరబరా ఈడ్చుకొచ్చి కిటికీ పక్కన వేసింది. అతని బాగున్న పెదవి తన వైపుండేలా సర్దింది.

"ఇక నీ చోటు ఇదే," అని, దాని ముందు టీ కప్పు పెట్టింది.