మూడో పిలుపు

అరబ్బు దేశపు ఎడారిలో, మెసయీద్ ఊరు దాటాక రోడ్డు వదిలి ఇసుకలో అరగంట పోతే ఒక పాడుబడ్డ బావి ఉంది. అందులో నీళ్ళు ఎండి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. చుట్టూ నడుమెత్తు రాతిగోడ, నోటి మీద పాత చెక్కలు. అక్కడి మేకల దొడ్లలో పనిచేసే మనవాళ్ళెవరూ పొద్దుగూకాక అటు పోరు.

అది పేరు పెట్టి పిలుస్తుందట. ఒకసారి పిలుస్తుంది... ఆగుతుంది... రెండోసారి పిలుస్తుంది. మూడోసారి మాత్రం పిలవదు.

చీకట్లో ఎవరైనా పిలిస్తే మూడో పిలుపు దాకా పలకొద్దని మన ఊళ్ళల్లో పెద్దలు చెప్పేదే. దెయ్యం రెండుసార్లకు మించి పిలవలేదట, పలికితే వెంట తీసుకుపోతుందట. విమానం దిగగానే మనవాళ్ళ దగ్గర పాస్‌పోర్టు గుంజుకున్నారు గానీ, ఈ భయాన్ని ఎవడూ గుంజుకోలేకపోయాడు.

ఓబులేసు నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నా.

అతనిది కడప పక్క పల్లె. నాలుగేళ్ళుగా ఆ బావికి కూతవేటు దూరంలోని దొడ్లో మేకలు కాస్తున్నాడు. శుక్రవారం ఇంటికి ప్రయాణం. ఊళ్ళో భార్య కృష్ణకుమారికి సోమవారం గర్భసంచి ఆపరేషన్. "నువ్వొచ్చి పక్కన నిలబడితేనే నేను బల్ల ఎక్కేది" అని ఆమె మొండికేసింది. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేసింది. ఇంకోసారి వాయిదా పడితే తన పూచీ లేదని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఇంతలో దొడ్డికి ఒక నక్క మరిగింది. తొమ్మిది మేకపిల్లల్ని ఎత్తుకుపోయింది. దొడ్డి యజమాని, వాళ్ళంతా బాబా అని పిలిచే ముసలాయన, వేలు చూపించి ఒకే మాట అన్నాడు.

"తాలబ్ ఖలాస్... బాదిన్ సఫర్."

నక్క పీడ పోయాకే ప్రయాణం. నాలుగేళ్ళు ఎండలో మాడిన మనిషి సెలవు పోయి పోయి నక్క పళ్ళ మధ్య ఇరుక్కుంది, చూడండి!

నక్కను వెంటాడితే దొరకదు. దాన్ని పిలవాలి. ఓబులేసుకు చిన్నప్పటి నుంచే ఆ విద్య వచ్చు. చెయ్యి తిప్పి, దాని వెనక వైపున పెదాలు గట్టిగా ఆనించి గాలి పీలిస్తే, దెబ్బ తిన్న చెవులపిల్లి కీచుమన్నట్టే ఉంటుంది. పసిబిడ్డ ఏడుపులా కూడా ఉంటుంది. ఒక్కసారి పిలిచి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. పదే పదే పిలిస్తే నక్కకు అనుమానం వస్తుంది.

నక్క అడుగులు బావి వైపే ఉన్నాయి. బుధవారం రాత్రి భయాన్ని మింగుకుని అటే పోయాడు. మోగితే నక్క బెదురుతుందని ఫోను మంచం మీదే వదిలాడు. వల ఒళ్ళో పెట్టుకుని, గోడ లోపలి పక్క చెక్కల అంచున నక్కి కూర్చున్నాడు.

పిలిచాడు... ఆగాడు.

వెన్నెల్లో నక్క వచ్చింది. గోడ సందులో తల పెట్టి అతని కళ్ళలోకి చూసింది. అతను వల ఎత్తి ఒక్క అడుగు వెనక్కి వేశాడు—

కాళ్ళ కింద చెక్క ఫెళ్ళున విరిగింది.

కళ్ళు తెరిచేసరికి అడుగున ఇసుకలో ఉన్నాడు. కుడి చీలమండ మెలి తిరిగి ఉంది. పైన పళ్ళెమంత ఆకాశం. గోడలు పట్టుకుంటే మట్టి పెళ్ళలు మీదికి రాలుతున్నాయి. కృష్ణకుమారి గుర్తొచ్చింది. "ఓ అన్నలారా!" అని గంటసేపు అరిచాడు. అరిచి అరిచి గొంతు గరగరలాడి, చివరికి ఉత్త గాలి మిగిలింది.

అప్పుడు గుర్తొచ్చాడు రాజనర్సు.

జగిత్యాల వైపు మనిషి, తనతో పాటే మేకలు కాసినవాడు. "మా చెల్లెనైతే నీకియ్యలే గని, నువ్వు నాకు బావవేనే" అని నవ్వేవాడు. మూడేళ్ళ కింద, జూన్ ఎండల్లో, తప్పిపోయిన మేక కోసం పోయి రాత్రయినా తిరిగి రాలేదు. ఆ రాత్రి బావి వైపు నుంచి ఓబులేసుకు పిలుపు వినపడింది. తన పేరే... ఒకసారి. మళ్ళీ ఒకసారి. మూడోసారి కోసం దుప్పటి కప్పుకుని ఎదురుచూశాడు. రాలేదు.

తెల్లారి రాజనర్సు ఈ గోడకు ఆనుకుని దొరికాడు. నాలుక ఎండి చెక్కైపోయింది.

"రాత్రి ఏదో రెండుసార్లు పిలిచింది, నేను పలకలేదు" అని ఓబులేసు అందరితో అన్నాడు. బావికి చెడ్డపేరు వచ్చింది ఆ మాటతోనే. నిజమేంటో అతనికి ఏనాడో తెలుసు. తనతో తాను ఒప్పుకోలేదు, అంతే. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దాహంతో చస్తున్నవాడికి మూడుసార్లు పిలిచే గొంతు ఎక్కడుంటుందయ్యా?

పైన ఇసుకలో ఏదో చప్పుడు.

"ఓబులేసన్నా..."

నోరు తెరవబోయి... చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఒకటి.

"ఓబులేసన్నా..."

రెండు. పలకాలని ప్రాణం కొట్టుకుంటోంది. చేతిని ఇంకా గట్టిగా అదుముకున్నాడు. పెదాలకూ చేతికీ మధ్య ఊపిరి ఇరుక్కుని— కీచుమని చెవులపిల్లి ఏడుపు!

పైన ఎవరో "యా అల్లా!" అన్నారు. పరుగు చప్పుడు... బండి తలుపు ధడాలుమంది.

దెయ్యానికి బండెక్కడిది? అది దొడ్లకు నీళ్ళ ట్యాంకర్ తోలే ఇమామ్! రాయచోటి ఇమామ్!

అరవబోయాడు. గొంతులోంచి ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. గాలి... ఉత్త గాలి. రాజనర్సుకు కూడా ఇట్లాగే అయి ఉంటుంది. ఏడవడానికి కళ్ళల్లో తడి కూడా లేదు.

అప్పుడు వచ్చింది మూడో పిలుపు. ఈసారి చాలా దగ్గరగా.

"ఓ!" అని పలికాడు. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, బావి దద్దరిల్లింది.

కాసేపటికి టార్చి వెలుగు, దాని వెనకే తాడు కిందికి దిగాయి.

ట్యాంకర్లో అరసీసా నీళ్ళు తాగాక ఓబులేసు ఇమామ్ చెయ్యి పట్టుకున్నాడు.

"మూడోసారి పిలిచినావు కాబట్టి బతికినా, ఇమామూ. లేకుంటే పలికేవాణ్ణి కాదు."

ఇమామ్ తాళం తిప్పబోయి ఆగాడు.

"మూడోసారా? నేను పిలిచింది రెండుసార్లేనన్నా. మంచం మీద నీ ఫోను ఊరికే మోగతా ఉంటే ఎతుక్కుంటా వచ్చినా. లోపల్నుంచి పసిబిడ్డ ఏడ్చినట్టు ఇనపడింది. ప్యాంటు తడవలేదు గానీ అంత పనీ అయింది. బండెక్కి అద్దాలు బిగించుకుని కలిమా చదువుకుంటా ఉంటే... నువ్వు 'ఓ' అన్నావు. నేను మళ్ళీ యాడ పిలిచినా?"

ఓబులేసు వెనక్కి తిరిగి, అద్దంలోంచి ఆ రాతిగోడ వైపు చూశాడు.

ఇమామ్ ఎప్పుడూ అతన్ని అన్నా అనే పిలుస్తాడు.

మూడో పిలుపు... "ఓబులేసు బావా... పలుకరాదే" అంది.