తాగానన్న మనిషి

"మా ఆయన తాగానంటున్నాడండీ. తాగలేదని మీరు తేల్చాలి."

డిటెక్టివ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఎదురుగా కూర్చున్నావిడ బట్టలు కుట్టే మనిషి. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి పరుగెత్తుకొచ్చింది. భర్త లారీ డ్రైవరు. తాగుడు మాన్పించే ఇంట్లో ఉంటున్నాడు. రేపు ఇంటికి రావాలి. ఈ ఉదయం అక్కడివాళ్ళు పక్కబట్టలు మారుస్తుంటే ఆయన దిండు కింద సీసా దొరికింది.

"ఆయనే ఒప్పుకున్నాక ఇంకేం తేల్చమంటారమ్మా?" అన్నాడు డిటెక్టివ్ శిష్యుడు.

"ఒప్పుకున్నాడనే నా అనుమానం. తూలుతూ వచ్చి గుమ్మంలో బోర్లా పడ్డ రోజున కూడా, చుక్క ముట్టలేదని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. తాగి ఒప్పుకునే రకం కాదండీ!" ఆవిడ కుర్చీ అంచుకు జరిగింది. "మళ్ళీ తాగితే పిల్లను తీసుకుని మా అక్క దగ్గరికి వెళ్ళిపోతానన్నాను. వెళ్ళిపోతాను కూడా. కానీ తాగని మనిషిని వదిలేసి పోయానంటే ఆ పాపం నన్నొదలదు."

డిటెక్టివ్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆ ఇల్లు వెలుతురుగా ఉంది. వరండాలో కొందరు కుర్చీలకు అల్లిక వేస్తున్నారు. శిష్యుడు చొరవగా, "ఇక్కడ మందు ఎవరిస్తారండీ?" అని అడిగాడు.

అల్లికలు ఆగిపోయాయి. "అది తెలిస్తే మేం ఎప్పుడో వరస కట్టేవాళ్ళం తమ్ముడూ!" అన్నాడో బట్టతలాయన. అందరూ గొల్లుమన్నారు.

"ఇక్కడ ఆ మాట అనం. మాత్ర అంటాం," అంది డాక్టరమ్మ నవ్వుతూ. లోపలికి తీసుకెళ్ళి అలమర తెరిచింది. సీసాలో సగానికి పైగా గోధుమరంగు ద్రవం ఉంది. లేబులు వానకు నాని వెలిసిపోయింది. మూత చుట్టూ చీమలు మూగితే శిష్యుడు రుమాలుతో దులిపాడు.

"మూత తీసి చూశారా?" అడిగాడు డిటెక్టివ్.

"ఈ ఇంట్లో సీసా మూత తీయమండి. ఆ వాసన వరండా దాకా వెళ్ళిందంటే ఎంతమంది కష్టం మట్టిపాలవుతుందో!"

"ఆయన నోరు వాసన చూశారా?"

"తనంత తానే ఒప్పుకున్న మనిషిని నోరు తెరవమనడమా? తాగాడని ఎవరినీ బయటికి నెట్టం. ఇంకొన్నాళ్ళు ఉంచుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాం."

"ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటారు," అన్నాడు డిటెక్టివ్ నెమ్మదిగా.

వంటింట్లో వంటాయన గరిటె దించకుండానే జవాబు చెప్పాడు. "సీసాల సంగతి నాకు తెలీదు బాబూ. మనిషి మాత్రం మంచోడు. తాగుడు మానినవాళ్ళకి తీపి మీద యావ కదా, టీ పానకంలా ఉండాలి. నిన్నెందుకో పాలొద్దన్నాడు. పెద్ద గ్లాసుతో పట్టుకెళ్ళాడు."

నర్సు నొచ్చుకుంది. "స్పిరిట్ తాళంలోనే ఉందండీ. నిన్న ఆ డ్రైవరు చెయ్యి గీరుకుందంటే దూది తడిపిచ్చాను, అంతే."

డ్రైవరు మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"సీసా ఎక్కడిది?"

"గోడవతల దొరికింది."

"తాగితే ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది? ఎప్పటిలాగే ఉంది." చూపు కిటికీ వైపు తిప్పేశాడు. అతని చేతుల మీద ఎక్కడా చిన్న గీరు కూడా లేదు. డిటెక్టివ్ దిండు తీసి వాసన చూసి, చిన్నగా తలాడించి, అందరినీ భోజనాల గదికి రమ్మన్నాడు.

డ్రైవరు భార్యతో సహా అందరూ కూర్చున్నాక సీసా మూత తిప్పాడు.

"అయ్యో, వద్దండీ!" డాక్టరమ్మ లేచింది.

ఆయన వినలేదు. గాజు గ్లాసులోకి వంచాడు. గది బిగుసుకుపోయింది. వేలు ముంచి నాలుకకు రాసుకుని చప్పరించాడు.

"చక్కెర ఎక్కువైంది."

బట్టతలాయన నోరు తెరిచాడు. గ్లాసు అడుగున తేయాకు పొడి మెల్లగా దిగుతోంది.

"చీమలకు ఉదయమే తెలిసింది, మనకే ఆలస్యమైంది," అన్నాడు డిటెక్టివ్. "వానలో నానిన ఖాళీ సీసా గోడవతల దొరికింది. వంటింటి నుంచి పాలు లేని టీ వచ్చింది. దిండుకు ఇంజెక్షన్ల గది వాసన. అది నర్సమ్మ ఇచ్చిన దూది, తాగిన వాసన రావాలని రుద్దింది. తాగేవాడు సీసాను పాతిపెట్టైనా దాస్తాడు గానీ, పక్కబట్టలు మార్చే రోజున దిండు కింద పెట్టడు. ఇది దొరకాలనే పెట్టారు. ఎందుకు? ఈ ఇంట్లో తాగినవాణ్ణి పంపరు, ఉంచుకుంటారు. రేపు వెళ్ళడం ఇష్టంలేని మనిషి ఒక్కరే. ఏమంటావు డ్రైవరూ?"



డ్రైవరు గ్లాసు వైపే చూస్తూ అన్నాడు. "మేమంతా కూర్చుని తాగే లారీ షెడ్డు దాటకుండా మా ఇంటికి దారి లేదండీ. ఇక్కడైతే చెయ్యి వణికితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. అక్కడ... కూతురి ముందు మళ్ళీ పడిపోతే?"

"భయమని చెబితే చాలదటయ్యా? టీ కాయించాలా?" డాక్టరమ్మ కళ్ళు చెమర్చాయి. "పగలు ఇంటి దగ్గరుండు. చీకటి పడకముందే ఇక్కడికి రా. షెడ్డు దాటేదాకా మా మనిషి నీ పక్కన నడుస్తాడు. భయం తగ్గేదాకా ఆ మంచం నీదే."

"మీ మనిషెందుకండీ?" భార్య లేచింది. మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ మొగుడి ముందుకొచ్చి నిలబడింది. "నేను నడుస్తాను. ఇన్నేళ్ళూ తాగి తాగలేదన్నావు. ఇవాళ తాగకుండా తాగానన్నావు. నోరారా నిజం చెప్పేదెప్పుడయ్యా నువ్వు?"

"భయంగా ఉందే."

"ఆఁ," అందామె, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఇది నిజం."